అయస్కాంతం పట్టి ఉంచినా ప్లాస్మా అంచున ఎందుకు కారిపోతుంది?

విభాగం: భౌతికశాస్త్రం

నాగావళి మాస్టారు (శ్రీకాకుళం), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మొన్న డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలకు టోకమాక్ గురించి చెబుతున్నాను. చిల్లు గారె ఆకారంలో గది, చుట్టూ రాగి తీగచుట్టలు, లోపల విపరీతమైన వేడికి అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువు, అంటే ప్లాస్మా, అది గోడకు తగలకుండా కాసే అయస్కాంత క్షేత్రం. బోర్డు మీద చిన్న లెక్క వేశాను. ఒక టెస్లా క్షేత్రంలో, పది లక్షల డిగ్రీల వేడి దగ్గర, హైడ్రోజన్ అయాన్ తిరిగే వృత్తానికి వ్యాసార్థం మహా అయితే ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఇంకో కణాన్ని ఢీకొంటే తప్ప ఆ వృత్తం పక్కకు జరగదు. గుజరాత్‌లోని ఆదిత్య యంత్రంలో ప్లాస్మా నడిమి నుంచి అంచుకు 25 సెంటీమీటర్లు. అడుగుకు ఒక మిల్లీమీటరు చొప్పున 250 అడుగులు. అయితే ఇది తాగినవాడి నడక, ముందుకెన్నో వెనక్కీ అన్నే. కనుక 250ని 250తో గుణించాలి. 62,500 సార్లు ఢీకొంటే గాని బయటపడదు.

"అందువల్ల ప్లాస్మా చాలాసేపు లోపలే ఉంటుంది" అని సుద్దముక్క కింద పెట్టాను. వెనక బల్ల నుంచి ఒక అమ్మాయి "ఉంటుందా సార్?" అంది.

ఉండదు. క్షేత్రం వంపు వల్ల కణాల దారులు అరటిపండు ఆకారంలో వెడల్పవుతాయనీ, అందుకే కాస్త ఎక్కువ కారుతుందనీ పుస్తకంలో ఉంది. ఆ లెక్కా కలిపి చూశాను. అయినా అసలు కారేది దానికి ఎన్నో రెట్లు. దానికి పుస్తకం పెట్టిన పేరు 'అసాధారణ రవాణా'. జ్వరం ఎందుకొచ్చిందయ్యా అంటే ఒళ్ళు కాలుతోంది కనుక అన్నట్టుంది. తెలిసినవారు ఎవరైనా అసలు కారణం చెప్పండి. సోమవారం ఆ అమ్మాయి ముఖం చూడాలి నేను.

ఇచ్ఛాపురం సీను, శనివారం రాత్రి 9:58

మాస్టారూ, కొవ్వాడలో కడతామంటున్నది ఇదేనా? కారిపోతుందంటే మరి భయపడాల్సిందేగా?

నాగావళి మాస్టారు, శనివారం రాత్రి 10:05

కాదు సీనూ. కొవ్వాడకు ప్రతిపాదించినవి యురేనియం కేంద్రకాన్ని చీల్చే రియాక్టర్లు. ఇది హైడ్రోజన్ కేంద్రకాలను కలిపే పని. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ అంతటి పెద్ద యంత్రంలో కూడా ఏ క్షణాన చూసినా ప్లాస్మా మొత్తం ఒక గ్రాము లోపే. నేను కారడం అంటున్నది ఉక్కు పాత్ర లోపలే, ప్లాస్మా నుంచి గోడకు.

నిర్వాహకుడు, శనివారం రాత్రి 10:20

కొవ్వాడ భూముల సంగతి మాట్లాడుకోవడానికి వేరే చర్చ ఉంది. ఇక్కడ వద్దు.

బొబ్బిలి వీణ (ఉద్యోగరీత్యా గుజరాత్), శనివారం రాత్రి 11:30

మాస్టారూ, మీ విద్యార్థిని అడిగింది నలభై యాభై ఏళ్ళుగా మా రంగం తల పట్టుకున్న ప్రశ్న. ప్లాస్మా అంచులోకి కొలత సూదులు దించడమే నా పని కనుక నాకు తెలిసినంత చెబుతాను.

మీ లెక్కలో తప్పు లేదు. ప్లాస్మా కుదురుగా కూర్చుంటుందని మీరు అనుకున్నారు, తేడా అక్కడ వచ్చింది. అంచు దగ్గర అది నిమిషం కూడా నిలకడగా ఉండదు. నడిమి భాగంలో సాంద్రత హెచ్చుతగ్గులు నూటికి ఒక వంతు ఉంటే అంచులో నూటికి పదులలో ఉంటాయి. ఒకచోట ధనావేశం గుట్టపడుతుంది, పక్కనే గుంటపడుతుంది. గుట్టకూ గుంటకూ మధ్య విద్యుత్ క్షేత్రం పుడుతుంది. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఒకదానికొకటి అడ్డంగా ఉన్నప్పుడు కణం ఆ రెండింటికీ అడ్డంగా జారుతుందని మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. ఎలక్ట్రానూ అయానూ ఒకే దిక్కుకు, ఒకే వేగంతో జారుతాయి. అంటే ప్రతి గుట్ట చుట్టూ ప్లాస్మా ఒక సుడిలా తిరుగుతుంది. ఇప్పుడు అడుగు మిల్లీమీటరు కాదు, సెంటీమీటరు. ఢీకొనేదాకా ఆగే పనీ లేదు. సుడి తిరగడానికి పట్టేది కొన్ని పదుల మైక్రోసెకన్లు.

కానీ సుడి ఉన్నంత మాత్రాన సరుకు బయటికి పోదు. అది ఒకవైపు బయటికి తీసుకువెళ్ళినంతా రెండో వైపు లోపలికి తెస్తుంది. రాజాం సంతకు పోయే బస్సులను, వచ్చే బస్సులను లెక్కపెట్టండి. రెండూ సమానం. బస్సుల లెక్క చూస్తే ఏమీ కదలనట్టే. పోయేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటేనే జనం సంతకు చేరినట్టు. ప్లాస్మాలోనూ అంతే. సాంద్రత ఎక్కువైన క్షణంలోనే వేగం బయటివైపు ఉండాలి. ఆ పొత్తు ఎంత గట్టిగా ఉంటే అంత కారుతుంది. అందుకే మేము ఒక సూదితో సాంద్రతను, పక్క సూదులతో విద్యుత్ క్షేత్రాన్ని ఒకేసారి కొలిచి, రెండింటినీ గుణించి సగటు తీస్తాం.

లష్కరు మనవడు (నారాయణపురం ఆనకట్ట దగ్గర), ఆదివారం ఉదయం 6:15

మా తాత నాగావళి కాలువ మీద లష్కరు. నేను చదివింది ఐటీఐ. ఫిజిక్సు అంతగా రాదు గాని సుడులన్నారు కనుక అడుగుతున్నాను. ఏటి వంపులో బయటి గట్టే కోసుకుపోతుంది, లోపలి గట్టున ఇసుక మేట వేస్తుంది. మీ గారెకు కూడా బయటి అంచు, లోపలి అంచు ఉంటాయిగా. రెండు వైపులా ఒకేలా కారుతుందా?

ఎచ్చెర్ల ప్రశ్న, ఆదివారం ఉదయం 7:02

ఆ వెనక బల్ల అమ్మాయిని నేనే. సార్ ఇక్కడ అడుగుతారని అనుకోలేదు.

బస్సు పోలిక బాగుంది వీణ గారూ. అయితే పోయేటప్పుడు బస్సు నిండుగా ఉండాలని ఎవరు నిర్ణయించారు? సాంద్రతకూ దిశకూ ఆ పొత్తు దానంతట అదే కుదరాలంటే కారణం ఉండాలి కదా. లేకపోతే ఇది కూడా ఇంకో పేరే.

బొబ్బిలి వీణ, ఆదివారం ఉదయం 9:45

ఇద్దరికీ జవాబు ఒకటే. లష్కరు మనవడు గారూ, మీ పోలికలో మర్మం ఉంది. మా దగ్గరా బయటి అంచే కోసుకుపోతుంది. కారణం మాత్రం వేరు. ఏటిలో నీటి అడుగున తిరిగే అడ్డు ప్రవాహం గట్టును కోస్తుంది. ఇక్కడ అయస్కాంత క్షేత్రపు వంపు ఆ పని చేస్తుంది, కనుక పోలికను మరీ సాగదీయవద్దు.

గారె లోపలి చిల్లు వైపు తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి, అక్కడ క్షేత్రం బలం. బయటి వైపు బలహీనం. పైగా క్షేత్ర రేఖలు వంగి ఉంటాయి. ఈ రెండింటి వల్ల అయాన్లు నెమ్మదిగా పైకి, ఎలక్ట్రాన్లు కిందికి జారుతుంటాయి (క్షేత్రం దిశ మారిస్తే ఇది తలకిందులు). బయటి అంచున ఒకచోట ప్లాస్మా కాస్త చిక్కగా ఉబ్బిందనుకోండి. ఆ ఉబ్బు పైభాగాన ధనావేశం, కింది భాగాన ఋణావేశం పోగవుతాయి. నిలువునా విద్యుత్ క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం ఉబ్బును ఎటు తోస్తుంది? బయటికి. అదే పల్చబడిన చోట ఇరుగుపొరుగుతో పోలిస్తే ఆవేశాల వరస తిరగబడుతుంది, అది లోపలికి పోతుంది. చిక్కనిది బయటికి, పల్చనిది లోపలికి. బస్సు నింపుతున్నది క్షేత్రపు వంపే, అమ్మా.

లోపలి అంచున కూడా తోపు దిక్కు అదే, చిల్లుకు దూరంగా. కానీ అక్కడ ఆ దిక్కున ఉన్నది ప్లాస్మా నడుమే. ఉబ్బు వెనక్కి వెళ్ళి సర్దుకుంటుంది.

ఎచ్చెర్ల ప్రశ్న, ఆదివారం ఉదయం 10:10

ఇప్పుడు అర్థమైంది. సార్, సోమవారం బోర్డు మీద నేను గీస్తాను.

నాగావళి మాస్టారు, ఆదివారం ఉదయం 10:30

గీయమ్మా. నేను వెనక బల్ల మీద కూర్చుంటాను.

వీణ గారూ, ఆ సూది కొలత తెర మీద ఎలా కనిపిస్తుందో కొంచెం చెప్పగలరా? మా ప్రయోగశాలలో ఉన్నది ఒకే ఆసిలోస్కోపు, దానిలోనూ ఒక ఛానల్ పనిచేయదు.

బొబ్బిలి వీణ, ఆదివారం మధ్యాహ్నం 2:20

సూది అంటే కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న లోహపు మొన. సన్నని పింగాణీ గొట్టంలోంచి అంత మాత్రమే బయటికి కనిపిస్తుంది. దానికి ఋణ వోల్టేజీ ఇస్తే ఎలక్ట్రాన్లు వెనక్కి పోతాయి, అయాన్లు వచ్చి పడతాయి. ఆ కరెంటును బట్టి సాంద్రత తెలుస్తుంది. సెకనుకు పది లక్షల కొలతల చొప్పున తీస్తాం. ఇర్వింగ్ లాంగ్మ్యూర్ నూరేళ్ళ కిందట వాడిన పద్ధతే ఇది. ప్లాస్మా అనే పేరు పెట్టినదీ ఆయనే, 1928లో.

తెర మీద మొదటిసారి చూసినప్పుడు నేను తీగ వదులైందనుకున్నాను. రొద కదా, పైకీ కిందికీ సమానంగా ఉంటుందనుకుంటాం. అలా ఉండదు. గీత కింద కింద పాకుతూ ఉంటుంది. ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేస్తుంది, తరువాత నింపాదిగా వాలుతుంది. మళ్ళీ కాసేపు పాకుడు. మళ్ళీ ఒకటి లేస్తుంది, ఈసారి ఇంకా ఎత్తుకు. కిందికి మాత్రం అలా ఎప్పుడూ గుచ్చుకోదు. నిట్టనిలువు భాగం ముద్ద ముందు కొస, వాలు దాని తోక. ఒక చిక్కని ముద్ద సూది మీదుగా దాటిపోయిందన్న మాట.

దాన్నే బ్లాబ్ అంటారు. అడ్డుకోతలో సెంటీమీటరో రెండో ఉంటుంది. క్షేత్ర రేఖ వెంబడి చూస్తే మీటర్ల పొడవున్న పోగు. సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగంతో, ఒక్కోసారి కిలోమీటరు వేగంతో గోడవైపు పోతుంది. అంచు కల్లోలం, అంటే ఈ సుడుల అలజడి, ఎడతెగని ధారలా కాక ఇలా విడివిడి విసుర్లుగా ఉంటుందని ఆదిత్య బృందం 1992లోనే కొలిచి ప్రచురించింది. 1989లో మొదలైన చిన్న యంత్రం అది. బయట పెద్దగా ఎవరూ చెప్పుకోరు గాని ఆ పని మీద నాకు గర్వం.

గరివిడి ఫర్నేసు, ఆదివారం సాయంత్రం 5:00

ఇరవై రెండేళ్ళుగా ఫెర్రో అల్లాయ్ కొలిమి దగ్గర ఎలక్ట్రీషియన్ పని. ఎలక్ట్రోడు కింద ఆర్క్ కూడా ప్లాస్మాయే అని మా ఇంజనీరు ఒకసారి చెప్పారు. మాకు ఆర్క్ పక్కకు వాలితే గోడ ఇటుక కరిగిపోతుంది. కనుక నా ప్రశ్న గోడ గురించి. మీ ముద్దలు పోయి తగిలేచోట ఏం పెట్టారు? ఎంత వేడి?

బొబ్బిలి వీణ, ఆదివారం సాయంత్రం 6:40

అసలు చోట పట్టుకున్నారు అన్నా.

మూసుకున్న క్షేత్ర రేఖలు ఒక హద్దు దాకా ఉంటాయి. ఆ హద్దు దాటాక రేఖలు తెరుచుకుని పాత్ర అడుగున ఉన్న డైవర్టర్ అనే పలకలకు చేరతాయి. హద్దు దాటిన వేడి గోడకు చేరేలోపే రేఖ వెంబడి పరుగెత్తి ఆ పలకల మీద పడుతుంది. ఇటర్‌లో ఆ పలకలు టంగ్‌స్టన్, వెనక నీళ్ళ గొట్టాలు. నిలకడగా చదరపు మీటరుకు 10 మెగావాట్లు తట్టుకోవాలి. సూర్యుడి ఉపరితలం నుంచి వెలువడేది దాదాపు 63. అంటే అందులో ఆరో వంతు.

మీరే లెక్క వేయండి. హద్దు దాటేది 100 మెగావాట్లు అనుకుందాం. గారె చుట్టుకొలత సుమారు 39 మీటర్లు. ఇప్పుడున్న యంత్రాల కొలతలను ఇటర్ దాకా పొడిగిస్తే ఆ వేడి పట్టీ వెడల్పు ఒక మిల్లీమీటరు వస్తోంది.

గరివిడి ఫర్నేసు, ఆదివారం సాయంత్రం 6:58

39 మీటర్లు, ఒక మిల్లీమీటరు. చదరపు మీటరులో నూటికి నాలుగు వంతులు కూడా లేదు. 100ను దానితో భాగిస్తే చదరపు మీటరుకు 2,500 మెగావాట్లకు పైనే! మీరు తట్టుకుంటుందన్నది పది. ఏ లోహం నిలుస్తుందయ్యా?

బొబ్బిలి వీణ, ఆదివారం రాత్రి 7:30

నిలవదు. అందుకే పలకను బాగా వాలుగా పెడతారు, రేఖలను విప్పార్చి పట్టీని వెడల్పు చేస్తారు, నియాన్ లాంటి వాయువు కొద్దిగా వదిలి వేడిలో ఎక్కువ భాగాన్ని కాంతిగా నలువైపులా చెదరగొడతారు.

చంపావతి (విజయనగరం), ఆదివారం రాత్రి 8:05

మొదటి నుంచి చదువుతున్నాను, ఒక అనుమానం. పొద్దున కల్లోలం దొంగలా ప్లాస్మాను కాజేస్తోందన్నట్టు చెప్పారు. ఇప్పుడు వేడి సన్నని పట్టీలో పడటమే ప్రమాదం అంటున్నారు. అదే కల్లోలం హద్దు బయట ఆ పట్టీని వెడల్పు చేస్తే మేలే కదా? మరి దాన్ని అణచాలా, పెంచాలా?

బొబ్బిలి వీణ, ఆదివారం రాత్రి 9:15

లోపల వద్దు, బయట కావాలి. హద్దు లోపల ఆపాలి, ఆ హద్దు దాటగానే చెలరేగనివ్వాలి. మా రంగం మొత్తం చేస్తున్న పెనుగులాట ఇదే.

లోపల ఆపడం 1982లో అనుకోకుండా దొరికింది. జర్మనీలో మ్యూనిక్ దగ్గర గార్షింగ్ ఊరిలో, ఆస్డెక్స్ యంత్రం మీద ఫ్రిట్జ్ వాగ్నర్ బృందం వేడి పెంచుతూ పోతుంటే ఒక మేర దాటగానే ప్లాస్మా తనంతట తానే మంచి స్థితిలోకి మారింది. వేడి నిలిచే కాలం దాదాపు రెట్టింపైంది. దాన్ని హెచ్-మోడ్ అంటారు. అంచున కొద్ది సెంటీమీటర్ల మందాన పక్కపక్క పొరలు వేర్వేరు వేగాలతో జారడం మొదలైంది. సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర చేతులు పట్టుకుని నడిచే కుటుంబాన్ని తలచుకోండి. ఒక వరస జనం వేగంగా, పక్క వరస నెమ్మదిగా కదిలితే ఆ చేతులు నిలుస్తాయా? సుడి కూడా అలాగే సాగి, చిరిగి, పీలికలవుతుంది. సుడి చిన్నదైతే అడుగు చిన్నది. అడుగు చిన్నదైతే కారుడు తక్కువ.

ఇంకో వింత ఉంది. ఆ జారుడు ప్రవాహంలో కొంత భాగాన్ని పుట్టించేది ఆ సుడులే. తమను చంపేదాన్ని తామే పోషిస్తాయి.

లష్కరు మనవడు, సోమవారం ఉదయం 5:50

అంటే అంచున గట్టు పోశారు. గట్టు గట్టిగా ఉంటే లోపల నీళ్ళు ఎత్తుకు పెరుగుతాయి. పెరిగితే ఏమవుతుందో మా తాతను అడగనక్కరలేదు, నాకే తెలుసు. గండి పడుతుంది.

బొబ్బిలి వీణ, సోమవారం ఉదయం 8:30

ఇరవై పేజీల పరిశోధన వ్యాసం ఒక్క మాటలో చెప్పేశారు. అచ్చంగా గండే. పేరు ఎల్మ్. అంచున పీడనం నిటారుగా పెరిగి పెరిగి ఒక్కసారి తెగుతుంది. ప్లాస్మా దాచుకున్న శక్తిలో కొన్ని శాతం మిల్లీసెకను లోపే డైవర్టర్ మీద పడుతుంది. మళ్ళీ గట్టు పూడుతుంది, మళ్ళీ తెగుతుంది. ఇప్పుడున్న యంత్రాలు ఆ దెబ్బ తట్టుకుంటాయి. ఇటర్ తట్టుకోలేదు, టంగ్‌స్టన్ పైపొర కరుగుతుంది.

లష్కరు మనవడు, సోమవారం ఉదయం 8:41

అలుగు పెట్టలేదా మరి? ఏ చెరువుకైనా గట్టు ఎంత ముఖ్యమో అలుగు అంత ముఖ్యం. కాస్త కాస్త ఎప్పుడూ పొర్లుతుంటే గండి పడదు.

బొబ్బిలి వీణ, సోమవారం ఉదయం 9:00

పెట్టారు. అంచు క్షేత్రాన్ని చిన్న చిన్న తీగచుట్టలతో కావాలని కొద్దిగా చెడగొడతారు. గట్టుకు సన్నని ఊట దారి ఏర్పడుతుంది, పీడనం తెగేదాకా పెరగదు. అమెరికాలోని డీ-3డీ యంత్రం మీద ఈ శతాబ్దం మొదట్లో చేసి చూపారు. ఇటర్ పాత్ర లోపల ఇందుకోసమే 27 తీగచుట్టలు పెడుతున్నారు.

పాలకొండ నిజం, సోమవారం మధ్యాహ్నం 1:10

అన్నీ బాగానే ఉన్నాయి. మా నాన్న చదువుకునే రోజుల్లోనూ ఇంకో ముప్పై ఏళ్ళలో కరెంటు వస్తుందన్నారు, ఇప్పుడూ అదే అంటున్నారు. పట్టీ వెడల్పు ఒక మిల్లీమీటరా కాదా అన్నదే తేల్చలేనివారు ఏం కడతారు? పైగా అమెరికా సూపర్ కంప్యూటర్ ఆరు మిల్లీమీటర్లు అని తేల్చేసిందని చదివాను. మరి ఇక్కడ ఒకటి అంటున్నారు.

బొబ్బిలి వీణ, సోమవారం సాయంత్రం 6:20

మీ కోపంలో న్యాయముంది. తేల్చేసిందన్న మాట మాత్రం సరికాదు. ఎక్స్‌జీసీ అనే ప్రోగ్రాముతో లెక్కిస్తే ఇప్పుడున్న యంత్రాలకు కొలతకు దగ్గరగా వచ్చింది, ఇటర్‌కు మాత్రం సుమారు ఆరు మిల్లీమీటర్లు వచ్చింది. అంత పెద్ద యంత్రంలో అంచు కల్లోలం తీరు మారి పట్టీని వెడల్పు చేస్తుందని వారి వాదన. చంపావతి గారు ఊహించినదే. కానీ ఇటర్ వెలగనిదే దాన్ని సరిచూసే చోటు భూమి మీద లేదు. ఒకటి నిజమైతే వాయువుతో చెదరగొట్టడం మీదే భారమంతా పడుతుంది, ఆరు నిజమైతే ఊపిరి పీల్చుకోవచ్చు. నేనైతే ఒకటి అనుకునే గోడ కట్టాలంటాను.

కరెంటు ఎప్పుడు వస్తుందో నేను చెప్పను. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని వెస్ట్ యంత్రం 1,337 సెకన్లు ప్లాస్మాను నిలిపింది. ఆదిత్య మొదలైనప్పుడు మేము మిల్లీసెకన్లలో లెక్కపెట్టుకున్నాం.

గరివిడి ఫర్నేసు, సోమవారం రాత్రి 7:45

ఒకటి అనుకునే కట్టాలి. నేనూ అదే అంటాను. ఇటుక కరిగాక లెక్క సరిచేసి లాభం లేదు.

ఎచ్చెర్ల ప్రశ్న, మంగళవారం సాయంత్రం 5:30

నిన్న బోర్డు మీద గీశాను. సార్ వెనక బల్ల మీదే కూర్చున్నారు, రెండు ప్రశ్నలు కూడా అడిగారు.

ఈరోజు ఇంట్లో ఒకటి చేసి చూశాను. స్టీలు పళ్ళెంలో కుదరలేదు, కరెంటు పళ్ళెం గుండా పోయింది. ప్లాస్టిక్ ట్రే తీసుకుని అడుగున పాత స్పీకర్ల అయస్కాంతాలు నాలుగు పెట్టాను, ఒకటి ఉత్తరం పైకి, పక్కది దక్షిణం పైకి. అర సెంటీమీటరు లోతున ఉప్పునీళ్ళు. రెండు చివర్ల పాత టార్చి సెల్లుల్లోని బొగ్గు కడ్డీలు, పన్నెండు వోల్టుల బ్యాటరీ. పైన పసుపు చల్లితే తడిసి ముద్దలైంది. మిరియాల పొడి నిలిచింది. కరెంటు ఇవ్వగానే అయస్కాంతాల మధ్య సుడులు వరసగా లేచాయి. తీసేశాక మూడు నాలుగు సెకన్లలో చిన్నవి రెండు పక్కనున్న పెద్దదానిలో కలిసిపోయాయి. అమ్మ వంటగదిలో బ్లీచింగ్ వాసన వస్తోందని అరిచింది.

బొబ్బిలి వీణ, మంగళవారం రాత్రి 8:10

ఆ వాసన క్లోరిన్, అమ్మా. ఉప్పునీళ్ళలోంచి వస్తుంది. ఈసారి కిటికీలు తెరిచి, అర నిమిషం మించకుండా చేయండి. చిన్న సుడులు పెద్దదానిలో కలవడం పలుచని పొరలో జరిగేదే. ప్లాస్మాలోనూ అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా అంతే జరుగుతుంది. పెద్ద ట్రేలో పదహారు అయస్కాంతాలు పెట్టి, ఒక మూలన మాత్రమే మిరియాల పొడి చల్లి, రెండో మూలకు ఎంతసేపటిలో చేరిందో ఫోనులో వీడియో తీసి లెక్కపెట్టండి. కరెంటు లేకుండా ఒకసారి, ఉండగా ఒకసారి. మాస్టారి 62,500కు మీ సొంత జవాబు అదే.

గరివిడి ఫర్నేసు, మంగళవారం రాత్రి 8:25

మా ఇంట్లో పాడైన సౌండు బాక్సులు ఆరు ఉన్నాయి. విప్పి అయస్కాంతాలు రేపు ఉదయం బస్సు కండక్టరుకిచ్చి పంపుతాను. శ్రీకాకుళం కాంప్లెక్సులో ఎవరైనా తీసుకోండి. ఒకదానికొకటి అతుక్కుంటే వేళ్ళు నలుగుతాయి, మధ్యలో అట్టముక్కలు పెడతాను.

నాగావళి మాస్టారు, మంగళవారం రాత్రి 9:00

నేను తీసుకుంటాను. గురువారం మధ్యాహ్నం ప్రయోగశాల కిటికీలన్నీ తెరిచి ఉంటాయి. ఉప్పు, మిరియాలు నేనే తెస్తాను.